కరెంటు పోయిన రాత్రి జనరేటర్ మొరాయిస్తే

జనరేటర్ వేశాక ఇంట్లో తలనొప్పి, వికారం, మగత

ముందుగా చూసుకోవాల్సింది ఇదే. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. వరండాలో పెట్టినా, షట్టర్ సగం ఎత్తిన గ్యారేజీలో పెట్టినా లోపలికి వచ్చేస్తుంది. అలా అనిపించిన క్షణమే అందరినీ బయటకు తీసుకురండి, వైద్య సాయానికి ఫోన్ చేయండి. కిటికీ తెరిచి సరిపెట్టుకోవద్దు. ఇకపై జనరేటర్ ఆరుబయటే ఉండాలి. తలుపులకు, కిటికీలకు కనీసం 6 మీటర్ల దూరం పాటించండి, సైలెన్సర్‌ను ఇంటికి ఎదురుదిక్కుకు తిప్పండి.

ఎంత లాగినా స్టార్ట్ కాదు

స్విచ్ ఆన్‌లో ఉందా, పెట్రోల్ కాక్ (ట్యాంకు కింది కుళాయి) తెరిచారా, చల్లగా ఉన్న ఇంజిన్‌కు చోక్ (గాలి తగ్గించే మీట) వేశారా చూడండి. తర్వాత ఇంజిన్ ఆయిల్. ఆయిల్ సెన్సర్ ఉన్న మోడళ్లలో మట్టం తగ్గితే స్పార్కే రాదు. నేల ఏటవాలుగా ఉన్నా సెన్సర్ ఆయిల్ లేదనే అనుకుంటుంది.

ఇవన్నీ సరిగ్గా ఉంటే నా అనుమానం పాత పెట్రోల్ మీదే. కొన్ని నెలలు నిల్వ ఉన్న పెట్రోల్‌లో తేలిక భాగం ఆవిరైపోయి, మిగిలింది జిగురులా మారుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ అయితే గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే కార్బ్యురేటర్‌లో, పెట్రోల్ దిగే జెట్ రంధ్రం సూదిమొన పట్టేంతే ఉంటుంది. ఆ జిగురు ఓ పొర కట్టినా చాలు, పెట్రోల్ దిగదు.

కార్బ్యురేటర్ గిన్నె అడుగున ఉన్న బోల్టు వదులు చేసి, కారేది గాజు సీసాలో పట్టి చూడండి. రంగు ముదిరి, వార్నిష్ వాసన వస్తుంటే పాడైనట్టే. అడుగున విడిగా తేరుకున్నది కనిపిస్తే నీళ్లు. ట్యాంకు ఖాళీ చేసి, గిన్నెను, జెట్‌ను కార్బ్యురేటర్ క్లీనర్ స్ప్రేతో కడిగి, కొత్త పెట్రోల్ పోయండి. జెట్‌లో తీగ గుచ్చితే రంధ్రం పెద్దదై ఇంకో సమస్య మొదలవుతుంది.

మళ్లీ రాకుండా ఉండాలంటే, పని అయ్యాక కాక్ మూసేసి, కార్బ్యురేటర్‌లో ఉన్నది అయిపోయి ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడవనివ్వండి. నెలకోసారి కొంచెం లోడ్ పెట్టి పావుగంట నడపండి.

కాసేపు నడిచి ఆగిపోతుంది, ఆగి వేస్తే మళ్లీ నడుస్తుంది

ట్యాంకు మూతకు ఉన్న గాలి రంధ్రం మూసుకుపోయి ఉండొచ్చు. ఇంజిన్ చల్లారాక మూత వదులు చేసినప్పుడు గాలి పీల్చిన శబ్దం వస్తే అదే కారణం. రంధ్రం శుభ్రం చేయండి, అంతే.

ఫ్యాన్లు, ఫ్రిజ్ నడుస్తాయి, నీళ్ల మోటార్ వేయగానే ట్రిప్

ఇది రిపేరు కాదు, కొనేటప్పుడు వేసుకున్న లెక్కలో తేడా. మోటార్ తిరగడం మొదలయ్యే క్షణంలో మామూలుకంటే మూడు రెట్లో, అంతకన్నా ఎక్కువో లాగుతుంది. ఫ్రిజ్‌కు 200 వాట్లు, నాలుగు ఫ్యాన్లకు 300, లైట్లకు 100, ఒక హెచ్‌పీ మోటార్‌కు సుమారు 1,100 వేసుకుంటే మొత్తం 1,700. మోటార్ స్టార్టింగ్‌కు ఇంకో 2,200 కలిపితే 3,900. అంటే 4 కిలోవాట్లు కనీసం కావాలి. జనరేటర్ బోర్డు మీద కిలోవాట్లకు బదులు కేవీఏ, పవర్ ఫ్యాక్టర్ 0.8 అని ఉంటే, 4ను 0.8తో భాగించాలి, అంటే 5 కేవీఏ అన్నమాట. పెద్ద అక్షరాల్లో ఉండే గరిష్ఠ సామర్థ్యం కొద్దిసేపటికే. రేటెడ్ అంకె, అంటే ఆగకుండా ఇవ్వగలిగేది, చూసి కొనండి. ఉన్నదాంతోనే నెట్టుకురావాలంటే మోటార్ ముందు వేసి, అది అందుకున్నాక మిగతావి ఒక్కొక్కటే వేయండి.

లైట్లు మినుకుమినుకు, యూపీఎస్ జనరేటర్ కరెంటు తీసుకోదు

ఇంజిన్ వేగం నిలకడగా లేదు. మురికి కార్బ్యురేటర్, మూసుకున్న ఎయిర్ ఫిల్టర్ చూడండి. అయినా మారకపోతే ఇంజిన్ వేగాన్ని అదుపు చేసే గవర్నర్ సెట్టింగ్ మెకానిక్‌కు వదిలేయండి. కంప్యూటర్లే ముఖ్యమైతే నిలకడైన కరెంటు ఇచ్చే ఇన్వర్టర్ రకం జనరేటర్ కొనడం మేలు.

ఇంధనం తెల్లారేదాకా రావట్లేదు

చిన్న పెట్రోల్ జనరేటర్ ఒక యూనిట్ కరెంటుకు దాదాపు అర లీటరు తాగుతుంది. గంటల తరబడి బరువైన లోడ్ ఉంటే డీజిల్ పొదుపు. కానీ రెండు బల్బుల కోసం డీజిల్ ఇంజిన్ నడిపితే సరిగ్గా వేడెక్కక, కాలని డీజిల్ సైలెన్సర్‌లో పేరుకుంటుంది. అప్పుడప్పుడూ పోయే కరెంటుకు ఎల్‌పీజీ టెన్షన్ లేనిది. ఎన్నాళ్లున్నా పాడవదు, పవర్ మాత్రం పెట్రోల్‌కంటే కాస్త తగ్గుతుంది. ఏదైనా, నడుస్తున్న జనరేటర్‌లో పెట్రోల్ పోయవద్దు. వేడి సైలెన్సర్ మీద చుక్క పడితే అంటుకుంటుంది. ఆపి, చల్లారాక పోయండి.

మెయిన్ కరెంటు రాగానే జనరేటర్ కాలిపోయింది

రెండు వైపులా ప్లగ్గులున్న వైరుతో గోడ సాకెట్‌కు కలిపారా? అదే కారణం. ఇంతకన్నా ఘోరం ఇంకోటి ఉంది. ఆ కరెంటు ఎదురెక్కి వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కు చేరితే వేల వోల్టులవుతుంది. లైన్ ఆపేశామని నమ్మి స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్ ప్రాణం పోతుంది. ఆ వైరు ఈరోజే కత్తిరించేయండి. ఇంటికి మెయిన్ కరెంటో, జనరేటరో ఒకసారికి ఒక్కటే కలిసేలా చేసే చేంజోవర్ స్విచ్ ఎలక్ట్రీషియన్‌తో పెట్టించండి. అది పెట్టించేదాకా ఫ్రిజ్, లైట్లు నేరుగా జనరేటర్ సాకెట్ నుంచే, మందపాటి ఎక్స్‌టెన్షన్ వైరుతో నడపండి.