చట్టం చదవడం నేర్చుకుందాం – 6వ పాఠం: గంజాయి కేసులో ఎవరి మీద ఎంత తూకం?

క్రితం పాఠం చివర ఇచ్చిన ఆటో లెక్కకి మీరు పంపిన జవాబులు చదివాక, ఈసారికి అనుకున్న పాఠం పక్కన పెట్టేశాను. సోదాలు, సెక్షన్ 50, గెజిటెడ్ అధికారి సంగతి వచ్చేసారి చూద్దాం. ముందు ఆ ఆటో సంగతి తేలాలి.

లెక్క మళ్ళీ చెప్తాను. సాలూరు వైపు నుంచి వస్తున్న ఆటోని రామభద్రపురం జంక్షన్లో పోలీసులు ఆపారు. ముందు డ్రైవరు, వెనక సీట్లో ఇద్దరు కుర్రాళ్ళు, వాళ్ళ పక్కన, నడి దారిలో అల్లం బుట్టతో ఎక్కిన ఒక ముసలావిడ. కుర్రాళ్ళ కాళ్ళ దగ్గర రెండు గోనె సంచులు, వాటిలో 22 కిలోల గంజాయి. ఎవరి మీద ఏ సెక్షను, తూకాన్ని బట్టి ఏ తరగతి (స్మాల్, మధ్య, కమర్షియల్)?

ఎక్కువమంది రాసిందిది: మనుషులు నలుగురు, సరుకు 22 కిలోలు, తలా అయిదున్నర. అయిదున్నర అంటే కిలో కంటే ఎక్కువ, 20 కంటే తక్కువ కాబట్టి అందరిదీ మధ్య తరగతి, అందరికీ బెయిలు సులువు.

అల్లం బుట్ట ముసలమ్మకి కూడా అయిదున్నర కిలోల గంజాయి పంచారు! చట్టమంటే పిక్నిక్ ఖర్చు తలా ఇంత వేసుకోవడం కాదు బాబూ.

నరసన్నపేట నుంచి ఒకాయన మాత్రం అడగాల్సిన ప్రశ్న అడిగారు. "ఏటండీ మాస్టారూ, సంచి ఎవుడిదో తేలకండా తూకం ఎలాగ పంచీసేరు వీళ్ళంతా?" జవాబు రాయలేదు గానీ ఆయనకే మార్కులు.

ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తు పదార్థాల చట్టం) కింద కేసు కాగితం చదివేటప్పుడు వరస ఎప్పుడూ ఒకటే. ముందు మనిషి, తర్వాత సరుకు, ఆఖర్న తూకం. నేనైతే రిమాండు రిపోర్టు (పట్టుకున్నవాళ్ళని జైలుకి పంపమని పోలీసులు కోర్టుకిచ్చే కాగితం) చేతికి రాగానే కిలోలు రాసి ఉన్న వాక్యం మీద బొటనవేలు పెట్టి మూసేసి మిగతాది చదువుతాను. చిన్నపిల్లల అలవాటని జూనియర్లు నవ్వుకుంటారు. కానీ 22 అనే అంకె కంట్లో పడ్డాక ఇంకేదీ బుర్రకెక్కదు. మీ జవాబులే సాక్ష్యం.

మనిషి దగ్గర చూడాల్సినవి రెండు. సరుకు అతని అదుపులో ఉందా? అది ఫలానాదని అతనికి తెలుసా? రెండూ ఉంటేనే స్వాధీనం. కోర్టు హాల్లో దీన్నే కాన్షస్ పొజెషన్ అంటారు. ముసలావిడ నడి దారిలో ఎక్కింది, సంచుల మీద ఆవిడ చెయ్యి లేదు, అందులో ఏముందో తెలుసనడానికి కాగితంలో ఒక్క ముక్క లేదు. కాబట్టి ఆవిడ సాక్షి అవుతుంది గానీ ముద్దాయి కాదు. పక్కన కూర్చోవడం నేరం కాదు.

ఇక్కడ కొందరు సెక్షన్ 35, 54 చూపించి అడ్డం తిరిగారు. తెలుసని కోర్టే అనుకుంటుంది కదా, తెలీదని రుజువు చేసుకోవలసింది ముద్దాయే కదా అని. నిజమే, ఆ సెక్షన్లు అలాగే ఉన్నాయి. 35 కింద ఆ రుజువు సందేహానికి తావు లేనంత గట్టిగా ఉండాలి కూడా. అయితే ఆ భారం ముద్దాయి నెత్తిన పడేలోగా పోలీసులు చెయ్యాల్సిన పని ఒకటుంది. సరుకు అతని అదుపులో దొరికిందన్న పునాది సంగతుల్ని ముందు వాళ్ళు నిలబెట్టాలి. 2008లో నూర్ ఆగా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. ముసలమ్మ విషయంలో ఆ పునాదే లేదు.

డ్రైవరు సంగతి కాగితం మీద ఆధారపడుతుంది. మామూలు కిరాయికి జంక్షన్లో ఎక్కించుకున్నాడా, లేక రెండింతలు తీసుకుని రాత్రిపూట చెక్‌పోస్టు తప్పించి అడ్డదారిన తెచ్చాడా? రెండోదైతే, తెలిసి బండి ఇచ్చినవాడికి సెక్షన్ 25, కుట్రలో భాగమైతే 29. మొదటిదైతే అతన్ని వదిలేయండి. అన్నట్టు, ఆటో ఓనరు వేరే మనిషయితే బండి విడిపించుకోవడం వేరే తలనొప్పి. తనకి గానీ, బండి అప్పగించినవాడికి గానీ తెలియకుండా జరిగిందనీ, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నామనీ సెక్షన్ 60 కింద ఓనరే చూపించుకోవాలి.

ఇక కుర్రాళ్ళు. మీరు భాగాహారం చేసింది ఇక్కడే. ఒక్క విషయం మూడు రకాలుగా చెప్తాను, మళ్ళీ అడగొద్దు.

ఇద్దరూ ఒకే చోట ఎక్కారు, ఒకే ఫోన్ నంబరుతో మాట్లాడారు, కిరాయి ఒకడే ఇచ్చాడు, సంచులు ఇద్దరి కాళ్ళ మధ్యా ఉన్నాయి. అప్పుడు సరుకు ఇద్దరిదీ. ఒక్కొక్కడి మీదా 22 కిలోలు. పదకొండు కాదు. రెండోవాడు చేరాడని మొదటివాడి నేరం సగమైపోదు.

అదే ఇద్దరూ ఒకరికొకరు ముక్కూమొహం తెలియనివాళ్ళు, ఎవడి సంచి వాడు ఒళ్ళో పెట్టుకున్నాడు, ఒక్కో సంచిలో 11 కిలోలు, ఇద్దరినీ కలిపే కాగితం ఏదీ లేదనుకోండి. అప్పుడు ఒక్కొక్కడి మీదా పదకొండే. అంకె ఇక్కడ కూడా పదకొండే వచ్చింది చూశారా? అది 22ని రెండుతో భాగిస్తే వచ్చింది కాదు, ఎవడి సంచిలో ఎంతుందో చూస్తే వచ్చింది. ఒకడి సంచిలో 3, రెండోవాడి సంచిలో 19 ఉంటే మూడూ పందొమ్మిదే రాయాలి.

మూడోది. సంచులు వేర్వేరు, మనుషులు వేర్వేరు, కానీ ఇద్దరినీ పంపింది ఒకడే, సరుకు చేరాల్సింది ఒకే చోటికి, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆ కుట్ర సాక్ష్యంతో తేలితే సెక్షన్ 29 కింద ఇద్దరి మీదా మొత్తం తూకం. తేలకపోతే కలపకూడదు, 2005 నాటి గుజరాత్ నల్లమందు కేసు చూడండి. ఒకడి దగ్గర కిలోకి లోపు, రెండోవాడి దగ్గర నాలుగు కిలోల పైన దొరికింది.  హైకోర్టు కుట్ర అంటూ సెక్షన్ 29 వేసింది. ఇద్దరూ కలిసి దొరికినా ఎవడి సరుకు వాడి దగ్గరే ఉంది, కుట్రకి సాక్ష్యం లేదు, కాబట్టి 29 వర్తించదంది సుప్రీంకోర్టు.  

అంటే కలపాలా వద్దా అన్నది సంబంధం తేలుస్తుంది. తలలు లెక్కపెట్టి భాగించడమన్నది ఈ చట్టంలో ఎక్కడా లేదు.

మనుషులు తేలారు, ఇప్పుడు బొటనవేలు తీయొచ్చు. నిషేధం సెక్షన్ 8లో ఉంటుంది, గంజాయికి శిక్ష సెక్షన్ 20లో. ఇవి నోటికి రాకపోతే మూడో పాఠం తీయండి. 2001 అక్టోబరు 2 నుంచి శిక్ష తూకం మీద నడుస్తోంది. అదే నెల 19న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్లో ఏ పదార్థానికి ఎంత అన్న పట్టిక ఉంది. పట్టికంతా బట్టీ పట్టొద్దు, మన జిల్లాల్లో తగిలేవి చాలు. మొదటి అంకెకి లోపైతే స్మాల్ క్వాంటిటీ, రెండో అంకె దాటితే కమర్షియల్. గంజాయికి కిలో, 20 కిలోలు. చరస్‌కి (గంజాయి మొక్క బంక) 100 గ్రాములు, కిలో. హెరాయిన్‌కి 5 గ్రాములు, 250 గ్రాములు. నిద్రమాత్రల కేసుల్లో వచ్చే ఆల్ప్రజోలంకి 5 గ్రాములు, 100 గ్రాములు. అన్నీ గ్రాముల్లోకి మార్చి రాసుకోండి. కిలోలూ గ్రాములూ కలగలిపి రాసేవాళ్ళే సున్నా మింగేస్తుంటారు.

గంజాయిలో స్మాల్ అయితే ఏడాది వరకు కఠిన జైలు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. కమర్షియల్ అయితే పదేళ్ళకి తగ్గదు, ఇరవై వరకు పోవచ్చు, జరిమానా లక్ష నుంచి రెండు లక్షలు. కారణాలు రాసి కోర్టు ఇంకా పెంచొచ్చు. రెంటికీ మధ్యనున్నదానికి చట్టం పేరు పెట్టలేదు. అందరూ ఇంటర్మీడియట్ అంటారు. పదేళ్ళ వరకు జైలు, లక్ష వరకు జరిమానా. ఈ మధ్య మెట్టులో కనీస శిక్ష లేదు. ఈ ముక్క గుర్తుంచుకుంటే వాయిదాల్లో సగం వాదన అర్థమవుతుంది.

కమర్షియల్ అనగానే అమ్ముతూ దొరికాడని రాయకండి. అమ్మాడా లేదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. తూకం గీత దాటిందా లేదా అన్నదొక్కటే. దాటితే సెక్షన్ 37 అడ్డొస్తుంది. పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటరు, అంటే సర్కారు వకీలు) అభ్యంతరం చెబితే, ఇతను నేరం చేయలేదనడానికి తగిన కారణాలున్నాయనీ, బయటికి వస్తే మళ్ళీ చేయడనీ కోర్టుకి నమ్మకం కుదిరితేనే బెయిలు. చార్జిషీటు గడువు కూడా 180 రోజులకి పోతుంది, పీపీ రిపోర్టు ఇస్తే ఏడాది వరకు పెంచొచ్చు. అందుకే గీతకి అటో ఇటో అన్న రెండు వందల గ్రాముల మీద అంత పోట్లాట.

గీత మీదే నిలబడితే? చట్టం స్మాల్‌కి "కంటే తక్కువ" అంది, కమర్షియల్‌కి "కంటే ఎక్కువ" అంది. సరిగ్గా కిలో స్మాల్ కాదు. సరిగ్గా 20 కిలోలు కమర్షియల్ కాదు. రెండూ మధ్య మెట్టులోకే వస్తాయి.

తూకం దగ్గర చదవాల్సింది మధ్యవర్తుల రిపోర్టు, అంటే సాక్షుల ముందు రాసిన పంచనామా. అందులో వీఆర్వోల సంతకాల పైన, దగ్గర్లోని కిరాణా కొట్టు నుంచి తెప్పించిన ఎలక్ట్రానిక్ కాటా గురించి ఒక పేరా ఉంటుంది. చాలామంది అది దాటేస్తారు. నేను అక్కడే ఆగుతాను. ఖాకీ టేపు చుట్టిన పొట్లాలు పది, మొత్తం 20 కిలోల 400 గ్రాములు అని ఉందనుకోండి. టేపు, పాలిథిన్ కవరు కలిపి తూచారా, విప్పి తూచారా? ఒక్కో పొట్లానికి చుట్టింది 50 గ్రాములైనా, పదింటికి అరకిలో. తీసేస్తే మిగిలేది 19,900. పదేళ్ళ కనీస శిక్ష, సెక్షన్ 37 రెండూ పోయాయి. ఇదే అంకె సెక్షన్ 52ఏ కింద మేజిస్ట్రేటు ముందు చేసిన జాబితాలో ఎలా ఉందో పోల్చండి.

పైగా చట్టంలో గంజాయి అంటే మొక్క పూత, కాత ఉన్న కొసలు. కొసలు లేకుండా ఉత్త ఆకులు, గింజలు దొరికితే అది గంజాయి కాదు. ఆకు, కాడ, వేరుతో సహా మొక్కలు కట్టగట్టి తూచిన కేసుల్లో, కొసల తూకం ఎంత అని ముద్దాయి వకీలు అడిగేది ఇందుకే.

దీన్ని కల్తీ సంగతితో కలిపేసుకోకండి, అది వేరు. 300 గ్రాముల పొడిలో అసలు హెరాయిన్ 4 గ్రాములే ఉందనుకోండి. 2008 నాటి తీర్పు ప్రకారమైతే 4 గ్రాములే చూడాలి, స్మాల్. 2020 ఏప్రిల్ 22న హీరా సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తులు దాన్ని తిప్పేశారు. కలిపిన పిండి, పొడితో సహా మొత్తం తూకమే లెక్క. 300 గ్రాములు, కమర్షియల్. పాత గైడ్లు చదువుతున్నవాళ్ళు ఆ పేజీ కొట్టేయండి.

ఇంకొకటి. ఏజెన్సీ నుంచి వచ్చే హాషిష్ ఆయిల్‌ని చాలామంది లిక్విడ్ గంజాయి అని రాసి 20 కిలోల గీత వేస్తుంటారు. చట్టం దాన్ని చరస్‌లో కలిపింది. గీత కిలో. కిలోన్నర నూనె సీసాలతో దొరికినవాడు కమర్షియల్, 15 కిలోల గంజాయి మూటతో దొరికినవాడు ఇంటర్మీడియట్.

తాగేవాడి సంగతి పొడిగా చెప్తాను, ఎందుకంటే జవాబుల్లో కొందరు జాలిపడి దీన్నే ముందు రాశారు. అలవాటుపడినవాడు స్మాల్ క్వాంటిటీతోనో, వాడకం కింద సెక్షన్ 27తోనో దొరికి, తనంతట తాను సర్కారు గుర్తించిన చోట చికిత్సకి చేరితే, సెక్షన్ 64ఏ ప్రాసిక్యూషన్ నుంచి తప్పిస్తుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. మూటలు మోసినవాడికి ఇది పనికిరాదు.

అభ్యాసం. ఈసారి కష్టంగానే ఇస్తున్నాను.

ఒడిశా నుంచి వచ్చిన బస్సుని ఇచ్ఛాపురం దగ్గర పురుషోత్తపురం చెక్‌పోస్టులో ఆపారు. ఏ1 (మొదటి ముద్దాయి) ఒళ్ళో ఉన్న బ్యాగులో 9 కిలోల గంజాయి. మూడు సీట్ల వెనక ఏ2 కాళ్ళ కింద 11 కిలోల 200 గ్రాములు. ఇద్దరి టికెట్ల నంబర్లు వరసగా ఉన్నాయి. బ్యాగులతో కలిపి తూచారా లేదా అన్నది రిపోర్టులో లేదు. ఏ1 ఫోన్లో చివరి కాల్ టెక్కలిలో ఉన్న ఏ3కి. ఏ3 అద్దె గదిలో మంచం కింద 900 గ్రాముల గంజాయి, బీరువాలో 150 గ్రాముల హాషిష్ ఆయిల్. బీరువా తాళం ఏ3 జేబులో దొరికింది. గదిలో అతనితో ఉండే ఏ4 ముందురోజు రాత్రే రాజాం నుంచి వచ్చాడు. ఇంటి ఓనరు కింద వాటాలో ఉంటాడు, నెలనెలా అద్దె తీసుకుంటాడు, పైకి ఎక్కడు. అతన్ని ఏ5 చేశారు.

అయిదుగురికీ విడివిడిగా రాయండి. స్వాధీనం ఉందా, ఏ వాక్యం చూసి అన్నారు, సెక్షను, తరగతి. సెక్షన్ 29 నిలబడితే ఒక జవాబు, పడిపోతే ఇంకో జవాబు. మంచం కింది సరుకు, బీరువాలోది వేర్వేరుగా చూడండి, రెండింటినీ కూడి 1,050 గ్రాములు అని రాస్తే అక్కడితో దిద్దడం ఆపేస్తాను. కాగితం చాలని చోట ఊహించి నింపకండి. ఇంకా ఏం తెప్పించాలో రాయండి: కాల్ రికార్డా, అద్దె ఒప్పందమా, కండక్టరు వాంగ్మూలమా, ఖాళీ బ్యాగుల తూకమా. ఒక్కో మనిషికి అయిదు లైన్లు దాటకూడదు.