అద్దాల పెట్టెల్లో ఉన్నవాటిని ఫోటో తీయడానికి

విజయవాడ బందరు రోడ్డులోని బాపు మ్యూజియంలో రాతియుగపు పనిముట్లను ఫోటో తీస్తే రాళ్ల కంటే ముందు మన చొక్కా, వెనకున్న ట్యూబులైటు పడతాయి. పిల్లల ప్రాజెక్టుకు అలాంటి ఫోటో పనికిరాదు.

జేబురుమాలంత నల్లటి నూలుగుడ్డ తీసుకుని, మధ్యలో రూపాయి బిళ్లంత చిల్లు చేయండి. ఫోను కెమెరా ఆ చిల్లులోంచి చూసేలా గుడ్డను రబ్బరు బ్యాండుతో బిగించండి. ఫ్లాష్ ఆపి, ఫోనును అద్దానికి ఆనించీ ఆనించనట్టు పెట్టి తీయండి. రాతిగొడ్డలి అంచున పెచ్చులు లేచిన గుంటలు కూడా స్పష్టంగా వస్తాయి. మెరిసే గుడ్డ వద్దు, అదే అద్దంలో కనిపిస్తుంది. ప్రతి వస్తువునూ తీసే ముందు, దాని పక్కనున్న పేరు చీటీని ఒక ఫోటో తీసుకోండి. ఇంటికెళ్లాక ఏది ఏదో తెలియక జుట్టు పీక్కోవడం తప్పుతుంది. నన్నడిగితే గుడ్డ కంటే ఇదే ముఖ్యం.

సీతాకోకచిలుకలు, గవ్వలు, శిలాజాలు ఉన్న పెట్టెలకూ ఇదే పద్ధతి. హైదరాబాద్ బిర్లా మ్యూజియంలోని కోటసారస్ డైనోసార్ అస్థిపంజరం లాంటి పెద్దవాటికి మాత్రం పనిచేయదు, దూరం జరిగి తీయాల్సిందే. ఫోటోలకు అనుమతి ఉందో లేదో టికెట్ దగ్గరే అడగండి.