డౌన్ స్లీపింగ్ బ్యాగ్: ఎంచుకోవడం, వాడడం, దాచుకోవడం

డౌన్ స్లీపింగ్ బ్యాగ్ కొనేవారు ముందుగా గ్రహించవలసింది, అది వేడిని పుట్టించదని, మన ఒంటి వేడిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతుందని. బాతులకు, పెద్దబాతులకు ఈకల అడుగున ఉండే మెత్తని నూగునే డౌన్ అంటారు. గట్టి కాడ లేని ఆ నూగు పోగులు విచ్చుకుని తమ మధ్య గాలిని కదలకుండా నిలుపుతాయి. ఆ నిలిచిన గాలే చలికి అడ్డు. పొంగు అణిగిపోతే ఎంత ఖరీదైన బ్యాగయినా పలచని దుప్పటితో సమానం.

బ్యాగు చీటీ మీద ఉండే ఉష్ణోగ్రతలను జాగ్రత్తగా చదవాలి. స్లీపింగ్ బ్యాగుల వెచ్చదనాన్ని కొలిచే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 23537లో ‘కంఫర్ట్’ అంటే సగటు మహిళ ఒళ్లు సడలించి హాయిగా నిద్రపోగల హద్దు, ‘లిమిట్’ అంటే సగటు పురుషుడు ముడుచుకుని పడుకుని రాత్రి గడపగల హద్దు, ‘ఎక్స్‌ట్రీమ్’ అంటే ఒళ్లు ప్రమాదకరంగా చల్లబడే అవకాశం ఉన్నా ప్రాణం నిలుపుకోగల హద్దు. ఎండలకు అలవాటుపడిన మన ఒళ్లకు కంఫర్ట్ అంకె ఒక్కటే లెక్క. అట్ట మీద పెద్ద అక్షరాలతో అచ్చేసిన అంకె ఈ మూడింటిలో ఏదో అడిగి తెలుసుకోకుండా డబ్బు కట్టకూడదు.

డిసెంబరులో లంబసింగిలో గుడారం వేసుకోవడానికి, అదే చలికాలంలో ఉత్తరాఖండ్‌లోని 3,810 మీటర్ల కేదార్‌కంఠ ఎక్కడానికి ఒకే బ్యాగు కావాలనుకుంటే, కంఫర్ట్ సుమారు మైనస్ 5 డిగ్రీలు ఉండి, జిప్పు పాదాల దాకా రెండు వైపుల నుంచీ తెరుచుకునేది తీసుకోవాలని నా సలహా. లంబసింగిలో జిప్పంతా విప్పి బొంతలా కప్పుకోవచ్చు. మంచు మీద పడుకునేటప్పుడు లోపల ఫ్లీస్ లైనర్ (మెత్తని బట్టతో కుట్టిన లోపలి సంచి) వేసుకుని, పొడి థర్మల్స్ తొడుక్కుని, బ్యాగుకే ఉండే టోపీ తాడు బిగించుకోవచ్చు. మెడ చుట్టూ నూగు నింపిన పట్టీ, జిప్పు వెంబడి లోపలి వైపు మరో పట్టీ తప్పనిసరిగా ఉండాలి, ఎందుకంటే వెచ్చని గాలి ఎక్కువగా జారిపోయేది ఆ రెండు చోట్లే. పక్కకు తిరిగి పడుకునే అలవాటున్నవారు దుకాణంలోనే బ్యాగులో దూరి మోకాళ్లు మడిచి చూసుకోవాలి. ఒక ఔన్సు, అంటే సుమారు 28 గ్రాముల నూగు, ఎన్ని ఘనపుటంగుళాలకు పొంగుతుందో చెప్పేది ఫిల్ పవర్; 650 నుంచి 800 మధ్య ఉంటే చాలు, కానీ ఎన్ని గ్రాముల నూగు నింపారో కూడా తెలిస్తేనే ఆ అంకెకు అర్థం ఉంటుంది. బతికున్న పక్షుల నుంచి పీకిన నూగు వద్దనుకునేవారు, నేనూ వారిలో ఒకణ్ణే, రెస్పాన్సిబుల్ డౌన్ స్టాండర్డ్ ముద్ర చూసి కొనాలి.

గుడారం వేయగానే బ్యాగును సంచిలోంచి తీసి, దులిపి, పరిచి ఉంచితే పడుకునే వేళకు పూర్తిగా పొంగుతుంది. మన బరువుకు వీపు కింది నూగు నలిగిపోతుంది కాబట్టి నేల చలిని ఆపవలసింది మ్యాట్ మాత్రమే. మంచు మీద ఆర్-వాల్యూ (చలిని ఆపే శక్తిని చెప్పే అంకె) 4 కంటే తక్కువున్న మ్యాట్‌ను నమ్ముకోకూడదు. ఎంత చలేసినా ముఖాన్ని లోపలికి ముడుచుకోకూడదు, ఊపిరిలోని తేమ నూగులోకి చేరుతుంది. తెల్లవారాక టోపీ అంచును తడిమితే ఊపిరి గడ్డకట్టి ఉప్పు రాలినట్టు చేతికి తగులుతుంది; దాన్ని దులిపేసి, ఎండ రాగానే బ్యాగును తిరగేసి ఆరబెట్టాలి.

నా మొదటి బ్యాగును వానాకాలమంతా దాని చిన్న సంచిలోనే కుక్కి బీరువా మీద పెట్టాను. తీసి చూస్తే ముక్కిన వాసన, ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుంటే బ్యాగులో నూగు నింపే కుట్టు గదుల్లో అక్కడక్కడా నూగు ఉండలు, మధ్యలో ఖాళీలు. అందుకే ప్రయాణంలో తప్ప ఎప్పుడూ పెద్ద నూలు సంచిలో వదులుగా ఉంచాలి, లేదా పొడిగదిలో వేలాడదీయాలి.

ఉతకడం ఏడాదికి ఒకసారికి మించి అక్కర్లేదు. పెద్ద తొట్టిలో గోరువెచ్చని నీళ్లు పోసి, డౌన్ కోసమే తయారైన సబ్బు ద్రవం వేసి, పిండకుండా అరచేతులతో నొక్కుతూ, నురుగు పూర్తిగా పోయేదాకా నీళ్లు మార్చాలి. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ అసలు వాడకూడదు. తడిసిన నూగు చాలా బరువు. ఒక కొస పట్టి లేపితే ఆ గదుల మధ్య ఉండే బట్ట గోడలు చినుగుతాయి, కాబట్టి రెండు చేతుల మీద పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తాలి. డ్రయ్యరు ఉంటే తక్కువ వేడి మీద రెండు మూడు టెన్నిస్ బంతులు వేసి తిప్పాలి. లేకపోతే గాలి ఆడే నీడలో పరిచి, గంటకోసారి తిరగేస్తూ, ఉండలను బూరుగు దూది విప్పినట్టు వేళ్లతో విప్పాలి. దీనికి రెండు మూడు రోజులు పడుతుంది. ఒక్క ఉండ కూడా వేళ్లకు తగలడం లేదనిపించిన తర్వాత, ఇంకో రోజు ఆరనిచ్చి అప్పుడే సంచిలో పెట్టాలి.