ఫినాలే సమీక్ష రాసేముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ముందుగా ఒక హెచ్చరిక. గేమ్ ఆఫ్ థ్రోన్స్, హౌస్ ఆఫ్ ద డ్రాగన్, షోగన్, వుల్ఫ్ హాల్ అనే విదేశీ సిరీస్‌ల ముగింపులు ఈ వ్యాసంలో చర్చకు వస్తాయి. వీటిలో ఏదైనా చూడాల్సి ఉంటే, చూశాకే చదవండి.

మామూలు ఎపిసోడ్ మీద తప్పు రాస్తే వారం తిరిగేసరికి దిద్దుకోవచ్చు. ఫినాలేకు, అంటే సీజన్ చివరి ఎపిసోడ్‌కు, ఆ వెసులుబాటు లేదు. ఆ రోజు రాసిన తీర్పే సీజన్ మొత్తం మీద తీర్పుగా మిగిలిపోతుంది. పైగా అందరికన్నా ముందు రాయాలన్న తొందర, ఆ రాత్రి గుండెలో ఉన్న వేడి రెండూ కలిసి కలాన్ని లాక్కుపోతాయి. అందుకే పని వారం ముందే మొదలుపెట్టాలి.

బాకీల పట్టీ

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఇదే: కథ మనకు బాకీపడ్డ జవాబుల జాబితా. ఫినాలే రావడానికి నాలుగైదు రోజుల ముందు ఆ సీజన్ మొదటి ఎపిసోడ్‌ను, అప్పటిదాకా వచ్చినవాటిలో చివరి రెండింటినీ మళ్లీ చూడండి. ఒక కాగితం మీద మూడు గడులు గీయండి. మొదటి గడిలో కథ లేవనెత్తిన ప్రశ్న, రెండో గడిలో ఎపిసోడ్ నంబరు, మూడో గడిలో ఆ ప్రశ్నను ఏ మాటతో, ఏ దృశ్యంతో లేవనెత్తిందో రాయాలి. పది పన్నెండు వరసలు చాలు. ఫినాలే చూశాక ఒక్కో వరస ఎదురుగా 'తీరింది', 'వాయిదా పడింది', 'మరిచిపోయారు' అని రాసుకోండి. ఇది ఫినాలేకు ముందే తయారై ఉండాలి. తర్వాత రాస్తే మన నిరాశకు తగ్గట్టు జ్ఞాపకం వంగిపోతుంది.

ఈ పట్టీ ఎందుకంటే, మనం కోరుకున్నదానికీ కథ మాట ఇచ్చినదానికీ తేడా దీనిలోనే తేలుతుంది. 2024 షోగన్‌నే తీసుకోండి. జపాన్ చరిత్ర తెలిసినవాళ్లు దేశాధికారాన్ని తేల్చిన 1600 నాటి సెకిగహారా యుద్ధం కోసం ఎదురుచూశారు. ఏప్రిల్ 23న వచ్చిన పదో ఎపిసోడ్‌లో యుద్ధం జరగనే లేదు, ఊహగా ఒక్క క్షణం మెరిసి మాయమైంది. 'మోసం చేశారు' అని రాయడం తేలిక. కానీ పట్టీ తీసి చూస్తే, ఈ కథ మొదటినుంచీ నాయకుడైన ప్రభువు తొరనాగా మనసులో ఏముందో ఎవరికీ అందనివ్వలేదు. 'క్రిమ్సన్ స్కై' అన్న దాడి పథకం పేరు వినిపించింది గానీ, ఆ పని చేసింది సైన్యం కాదు, అతని ఆజ్ఞతో ఒసాకా వెళ్లిన మరికో అనే స్త్రీ. బాకీ తీరింది, మనం అనుకున్న నాణేల్లో తీరలేదంతే.

అదే పట్టీతో హౌస్ ఆఫ్ ద డ్రాగన్ రెండో సీజన్ చూడండి. మొదటి సీజన్‌కు 10 ఎపిసోడ్లుంటే దీనికి 8. ఎపిసోడ్ తర్వాత ఎపిసోడ్ యుద్ధానికి సరంజామా పోగుచేసి, 2024 ఆగస్టు 4న సేనలు కదులుతుండగా తెర దించేశారు. ఇక్కడ ప్రేక్షకుడి ఫిర్యాదు న్యాయమైనదే, ఎందుకంటే ఆశ పెట్టింది సీజనే.

గేమ్ ఆఫ్ థ్రోన్స్ చివరి సీజన్ విషయంలో చాలామంది పప్పులో కాలేసింది కూడా ఇక్కడే. రాణి డెనేరిస్ రాజధాని నగరాన్ని తగలబెట్టడం తప్పా, బ్రాన్ అనే కుర్రాడు రాజు కావడం తప్పా అని వాదించారు. సంఘటనలను తప్పుపట్టడం కన్నా అక్కడికి చేర్చిన మెట్లను లెక్కపెట్టడం మేలు. మొదటి ఆరు సీజన్లకు తలా 10 ఎపిసోడ్లు, ఏడో దానికి 7, ఎనిమిదో దానికి 6. మలుపులు పెద్దవవుతున్నకొద్దీ మెట్లు తగ్గిపోయాయి. పాఠకుడికి ఈ లెక్క చూపిస్తే కోపం వాదనగా మారుతుంది. సీజన్ మళ్లీ తీయాలంటూ 15 లక్షలకు పైగా జనం సంతకాలు చేశారు. అది జనం ఎంత నొచ్చుకున్నారో చెబుతుంది, లోపం ఎక్కడుందో చెప్పదు. అది చెప్పాల్సింది సమీక్షకుడు.

ఇంకో సంగతి. ఫినాలేలోనే పతాక సన్నివేశం ఉండాలన్న నియమమేమీ లేదు. గేమ్ ఆఫ్ థ్రోన్స్‌లో ముఖ్యపాత్ర నెడ్ స్టార్క్ తల తెగింది, 'రెడ్ వెడ్డింగ్' అనే పెళ్లివిందు ఊచకోత జరిగింది తొమ్మిదో ఎపిసోడ్లలోనే. పదోది ఆ దెబ్బ తర్వాత ఎవరు ఎక్కడ నిలబడ్డారో చెప్పడానికి. అలాంటి ఫినాలేను 'చప్పగా ఉంది' అని కొట్టేస్తే నిర్మాణం మనకు అర్థం కానట్టే.

చూసే రోజు

అమెరికా తూర్పు తీరంలో ఆదివారం రాత్రి 9 గంటల ప్రసారం మనకు సోమవారం ఉదయం 6:30. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు వెనక్కి తిప్పుతారు కాబట్టి మార్చి దాకా 7:30 అవుతుంది. 80 నిమిషాల ఎపిసోడ్ అనుకుంటే, మొదటిసారి కాగితం ముట్టకుండా చూడండి. రెండోసారి ఆపుతూ, నిమిషాలు వేసుకుంటూ చూడాలంటే రెండున్నర గంటలు పడుతుంది. ఉదయం 6:30కి కూర్చుంటే పదిన్నరకు ముందు రాత మొదలుకాదు. కాకూడదు కూడా.

రెండోసారి చూసేటప్పుడు శబ్దం మీద చెవి పెట్టండి. గేమ్ ఆఫ్ థ్రోన్స్ ఆరో సీజన్ ఫినాలే ఆరంభంలో మాటలు తక్కువ, పియానో ఎక్కువ. అప్పటిదాకా ఆ సిరీస్‌లో పియానో లేదు. కొత్త వాయిద్యం వినబడగానే ఏదో జరగబోతోందని మనకు తెలియకుండానే ఒళ్లు బిగుసుకుంటుంది. 'సంగీతం అద్భుతం' అనే బదులు ఈ సంగతి రాస్తే పాఠకుడికి ఏదో ఒకటి దక్కుతుంది.

లీకైన కాపీ చూసి రాయకండి. హౌస్ ఆఫ్ ద డ్రాగన్ మొదటి సీజన్ ఫినాలే 2022 అక్టోబరులో ప్రసారానికి ముందే బయటికొచ్చింది. దొంగ కాపీ అన్నది ఒక తప్పు, దానిలో బొమ్మ, శబ్దం ఎలా ఉన్నాయో నమ్మలేకపోవడం ఇంకో తప్పు.

'అంతా చీకటే, ఏమీ కనబడలేదు' అని రాసేముందు మీ టీవీని అనుమానించండి. 2019 ఏప్రిల్ 28న వచ్చిన గేమ్ ఆఫ్ థ్రోన్స్ ఎపిసోడ్ 'ద లాంగ్ నైట్' మీద ఈ ఫిర్యాదే వెల్లువెత్తింది. స్ట్రీమింగ్‌లో డేటా కుదించినప్పుడు ముందుగా దెబ్బతినేవి చీకటి దృశ్యాలే. నల్లని ఛాయలు కలిసిపోయి గళ్లుగళ్లుగా కనిపిస్తాయి. గదిలో లైట్లు ఆర్పి, పిక్చర్ మోడ్ 'సినిమా'కు మార్చి, మోషన్ స్మూతింగ్ (కదలికలను కృత్రిమంగా నునుపు చేసే సెట్టింగు) ఆపేయండి. ఇంటర్నెట్ వేగం ఫుల్ హెచ్‌డీకి కనీసం 5 ఎంబీపీఎస్, 4కేకి 15 ఉండాలి. అదే దృశ్యం ఇంకో తెర మీద ఐదు నిమిషాలు చూసి, అప్పటికీ కనబడకపోతే ఛాయాగ్రాహకుణ్ణి తప్పుపట్టండి.

డబ్బింగ్ చూసినవాళ్లకు

ఏ భాషలో చూశారో సమీక్షలో చెప్పి తీరాలి. ఇంగ్లీషులో అందరికీ ఒకటే 'యూ'. తెలుగు డబ్బింగ్‌లో అది నువ్వా, మీరా, తమరా అన్నది మాటల రచయిత నిర్ణయం. సేనాని రాణిని ఏకవచనంలో పిలిచాడని, అది తిరుగుబాటుకు సూచన అని రాస్తే మూలంలో లేని అర్థాన్ని అంటగట్టినట్టవుతుంది. షోగన్‌లో సంభాషణలు ఎక్కువ భాగం జపనీస్. మరికో దుబాసీగా ఉండి మాటలను మెత్తబరచడం, కొన్నిటిని మింగేయడం అందులో సగం నాటకం. అందరూ ఒకే భాష మాట్లాడే రూపంలో చూస్తే ఆ సగం పోతుంది. ఈ సిరీస్‌ను సబ్‌టైటిల్స్‌తో చూడకుండా తీర్పు చెప్పకండి.

పేర్ల జాబితా కూడా ముందే రాసి పెట్టుకోండి. హౌస్ ఆఫ్ ద డ్రాగన్‌లోనే చూడండి: రెనీరా, రెనీస్, రెనా. ఏగాన్, ఏమండ్, డేమన్. ఒక అక్షరం జారితే చావు ఇంకొకరి ఖాతాలో పడుతుంది.

చరిత్ర, పుస్తకం

చరిత్ర అందరికీ తెలిసిందే కదా, దానికి స్పాయిలరేమిటి (ముందే కథ బయటపెట్టడమేమిటి) అనకండి. వుల్ఫ్ హాల్ 2015 సిరీస్ చివర్లో ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ భార్య యాన్ బొలీన్ శిరచ్ఛేదం జరుగుతుంది. అది 1536 మే 19 నాటి ఘటన, ఇంగ్లండులో బడిపిల్లలకూ తెలుసు. 1323లో ఓరుగల్లు పడిపోయిందని మనకు తెలిసినంత సహజంగా తెలుగు పాఠకుడికి ట్యూడర్ల (ఆ రాజవంశం) సంగతి తెలిసి ఉండాలనేముంది? సమీక్షలో స్పాయిలర్ హెచ్చరిక పెట్టి, అది దాటాకే ఆ ఊసెత్తండి.

తేదీ మార్చారని, ఇద్దరు వ్యక్తులను ఒకటి చేశారని తప్పుల చిట్టా ఇవ్వడం సమీక్ష కాదు. ఆ మార్పు వల్ల నాటకం బలపడిందా, నిజంగా బతికిన మనిషికి అన్యాయం జరిగిందా అన్నవే అడగాల్సిన ప్రశ్నలు. షోగన్ పేర్లే మార్చేసింది. తొరనాగా వెనక జపాన్ పాలకుడు తొకుగవా ఇయెయాసు, కథలోని ఇంగ్లిష్ నావికుడు బ్లాక్‌థార్న్ వెనక విలియం ఆడమ్స్ ఉన్నారు. వాళ్ల జీవితంతో పోల్చవచ్చు, దానికి కట్టుబడాలని శాసించకూడదు.

పుస్తకం చదివినవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. హౌస్ ఆఫ్ ద డ్రాగన్‌కు ఆధారమైన 'ఫైర్ అండ్ బ్లడ్' చరిత్ర గ్రంథంలా నడుస్తుంది. ఒకే ఘటనకు పొంతన లేని సాక్ష్యాలు చూపిస్తుంది. అలాంటప్పుడు 'పుస్తకంలో ఇలా లేదు' అన్న మాట తేలిపోతుంది. రాబోయే సీజన్ల సంగతులు మాత్రం ఒక్క ముక్క కూడా జారనివ్వకండి.

బయటపెట్టేముందు

శీర్షిక, బొమ్మ, మొదటి 40 మాటలు మళ్లీ చూడండి. వాట్సాప్‌లో లింకు పంపితే అడగకుండానే కనబడేవి అవే. 'కన్నీటి వీడ్కోలు' అన్నా చాలు, ఎవరో పోయారని తెలిసిపోతుంది. ఫినాలేలోని ఫొటో వద్దు, పాత ఎపిసోడ్‌ది పెట్టండి.

రేటింగు ఇస్తే ఎపిసోడ్‌కు ఒకటి, సీజన్‌కు ఒకటి విడిగా, అదీ ఒక రాత్రి నిద్రపోయి లేచాక ఇవ్వండి. 2022లో ద రింగ్స్ ఆఫ్ పవర్ సిరీస్ వచ్చినప్పుడు అమెజాన్ ప్రేక్షకుల రివ్యూలను 72 గంటలు ఆపి ఉంచింది; మనం ఆగాల్సింది ఒక్క రాత్రే.

బాకీల పట్టీ పారేయకండి. హౌస్ ఆఫ్ ద డ్రాగన్ మొదటి సీజన్ ముగిశాక రెండోది రావడానికి దాదాపు 20 నెలలు పట్టింది. 'వాయిదా' అని రాసిన వరసలన్నీ కొత్త కాగితం మీద మొదటి వరసలవుతాయి.