సెమిస్టర్ మొదలయ్యేలోపు ల్యాబ్ సర్వర్లు సిద్ధం చేసుకోవడం ఎలా

యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్లో పని ఏడాదంతా ఒకేలా ఉండదు. సెలవుల్లో సర్వర్లు ఊరికే తిరుగుతుంటాయి. క్లాసులు మొదలయ్యే వారంలో మాత్రం డేటాబేస్ ల్యాబ్‌కు కావాలని ఒకరు, నెట్‌వర్క్స్ ల్యాబ్‌కు కావాలని ఇంకొకరు, అందరూ ఒకేసారి మెయిల్ పెడతారు. ఈ టెన్షన్ తగ్గాలంటే ఏ వర్చువల్ మెషీన్‌నైనా (అసలు సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్) భయం లేకుండా చెరిపేసి, మళ్లీ అచ్చం అలాగే తయారు చేసుకోగలగాలి. నేను కింద చెప్పే ఏర్పాటంతా దానికోసమే.

ప్లాట్‌ఫాం ఎంపిక మీద ఎక్కువ చర్చ అక్కర్లేదు. వర్చువల్ మెషీన్లను నడిపే కేవీఎం లైనక్స్ కెర్నెల్‌లో 2007 నుంచి ఉంది. దాని మీద నడిచే నిర్వహణ సాఫ్ట్‌వేర్ ప్రాక్స్‌మాక్స్ ఉచితంగా దొరుకుతుంది, సపోర్ట్ కావాలంటే డబ్బు కట్టాలి. 2023 నవంబర్లో ఇలాంటి సాఫ్ట్‌వేరే అమ్మే వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ కొన్నాక శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆగిపోయింది కాబట్టి, అది వాడేవాళ్లు ఏటా కట్టే చందాతో లెక్క మళ్లీ వేసుకోవాలి. హోస్ట్‌లు (వర్చువల్ మెషీన్లను నడిపే అసలు సర్వర్లు) కనీసం 3 పెట్టి ఒక క్లస్టర్‌గా కలపండి, ఒక్కో హోస్ట్‌కు ఒక్కో ఓటు ఉంటుంది. రెండే ఉంటే ఒకటి పడిపోయినప్పుడు మిగిలినదానికి మెజారిటీ ఓటు ఉండదు, కొత్తగా ఏ మెషీన్‌నూ స్టార్ట్ చేయనివ్వదు. సీపీయూని ఉన్నదానికంటే ఎక్కువగా పంచినా నడుస్తుంది, ఎందుకంటే విద్యార్థులు ఎక్కువసేపు టైప్ చేస్తూనే ఉంటారు, అప్పుడు సీపీయూకి పెద్దగా పని ఉండదు. ర్యామ్‌తో ఆ ధైర్యం చేయకండి. ఒక హోస్ట్ ఆగినా మిగతావి మోయగలిగేంత ర్యామ్ ఎప్పుడూ ఖాళీగా ఉంచండి.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది టెంప్లేట్ మీద, అంటే మిగతా మెషీన్లను కాపీ (క్లోన్) తీసే మూల మెషీన్ మీద. డెబియన్ గానీ ఉబుంటు గానీ కనీస ప్యాకేజీలతో ఇన్‌స్టాల్ చేసి, అప్‌డేట్లు పెట్టి, గెస్ట్ ఏజెంట్ (మెషీన్ లోపలి సంగతులు హోస్ట్‌కు చెప్పేది), క్లౌడ్-ఇనిట్ (మొదటిసారి స్టార్ట్ అయినప్పుడు సెట్టింగులు పెట్టేది) వేయండి. కోర్సుకు కావాల్సిన సాఫ్ట్‌వేర్ ఇందులో పెట్టొద్దు, అది తర్వాతి పని. టెంప్లేట్‌గా మార్చే ముందు, మెషీన్ గుర్తింపు ఉండే మెషీన్-ఐడీ ఫైలును ఖాళీ చేయండి (ఫైలు ఉండాలి, లోపల ఏమీ ఉండకూడదు), ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) హోస్ట్ కీలు తీసేయండి. ఇది మర్చిపోతే వచ్చే చిక్కు విచిత్రంగా ఉంటుంది. ఉబుంటు సర్వర్ ఐపీ అడిగేటప్పుడు మెషీన్-ఐడీ నుంచి పుట్టిన గుర్తింపునే చూపిస్తుంది. క్లోన్లన్నీ ఒకే గుర్తింపు చూపిస్తే ఐపీలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ అన్నిటికీ ఒకే ఐపీ ఇస్తుంది. నెట్‌వర్క్ కార్డుల మ్యాక్ అడ్రసులు వేరువేరుగానే కనిపిస్తాయి కాబట్టి తప్పు ఎక్కడుందో తొందరగా తట్టదు. విండోస్ టెంప్లేట్ అయితే ఇలాంటి గుర్తింపులు తుడిచే సిస్‌ప్రెప్ చేయందే క్లోన్ చేయొద్దు.

ల్యాబ్ మెషీన్లకు లింక్డ్ క్లోన్ (టెంప్లేట్ డిస్క్‌నే పంచుకుని, మార్పులు మాత్రమే విడిగా దాచే కాపీ) చాలు. క్షణాల్లో తయారవుతుంది, డిస్క్ కూడా పెద్దగా తినదు. కానీ అది టెంప్లేట్ మీద ఆధారపడి ఉంటుంది. ఆన్‌లైన్ కోర్సుల సైట్ మూడ్ల్ లాగా ఏళ్ల తరబడి ఉండేవాటికి పూర్తి క్లోన్ తీసుకోండి.

కోర్సు సాఫ్ట్‌వేర్‌ను ఆన్సిబుల్‌తో (చాలా మెషీన్లను ఒకేలా సెట్ చేసే సాధనం) వేయండి. అవతలి మెషీన్లో ఎస్‌ఎస్‌హెచ్, పైథాన్ ఉంటే సరిపోతుంది, ఏజెంట్ అక్కర్లేదు. కోర్సుకో ప్లేబుక్ (ఆన్సిబుల్ చేయాల్సిన పనుల జాబితా) రాసి, మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పెట్టండి. రిజిస్ట్రేషన్ విభాగం ఇచ్చే రోల్ నంబర్ల ఫైలునే చదివి యూజర్ అకౌంట్లు తయారయ్యేలా రాయండి, చేత్తో ఒక్క పేరు కూడా టైప్ చేయకండి. పాస్‌వర్డ్‌లు ఆన్సిబుల్ వాల్ట్‌లో (గుప్తంగా దాచే ఫైలు) ఉండాలి. ప్లేబుక్‌ను నేను పరీక్షించే పద్ధతి సులువు: వెంటనే రెండోసారి నడిపితే ‘మారినవి’ అన్నచోట సున్నా రావాలి. రాలేదంటే ఎక్కడో షెల్ కమాండ్ నేరుగా రాసి ఉంటారు. దాని బదులు తగిన మాడ్యూల్ వాడండి.

ప్రతి మెషీన్‌కూ యజమాని పేరు, కోర్సు, గడువు తేదీ నోట్స్‌లో రాయడం తప్పనిసరి చేయండి. గడువు రాయని మెషీన్ ఇవ్వనని చెప్పండి, ప్రొఫెసర్ అయినా సరే. గడువుకు రెండు వారాల ముందు మెయిల్ వెళ్లాలి. గడువు రోజున స్క్రిప్ట్ మెషీన్‌ను ఆపాలి గానీ చెరపకూడదు. ఎవరికైనా కావాలంటే ఆ వారంలోనే ఫోన్ వస్తుంది. రీవాల్యుయేషన్ గడువు దాటి, బ్యాకప్ వేరే మెషీన్లో భద్రంగా ఉందని చూసుకున్నాకే చెరపండి. స్నాప్‌షాట్‌ను (మెషీన్ ఒక క్షణంలో ఎలా ఉందో దాచుకున్న స్థితి) బ్యాకప్ కింద లెక్కేయకండి. అది అదే స్టోరేజ్‌లో ఉంటుంది, డిస్కులు పోతే దాంతోపాటే పోతుంది.

అన్నీ వర్చువల్ చేసేయాలన్న ఉత్సాహంలో ఒక్కటి చూసుకోండి. హోస్ట్‌లోకి లాగిన్ అవడానికి ఎల్‌డ్యాప్ (యూజర్ అకౌంట్లు ఉండే డైరెక్టరీ సర్వర్) కావాలి, ఆ ఎల్‌డ్యాప్ అదే హోస్ట్ మీద వర్చువల్ మెషీన్‌గా ఉంది అనుకుందాం. కరెంట్ పోయి వచ్చాక లోపలికి వెళ్లే దారే ఉండదు. మెషీన్ పేర్లను ఐపీలుగా మార్చే డీఎన్‌ఎస్‌దీ ఇదే చిక్కు, అందుకే ఒక డీఎన్‌ఎస్ సర్వర్‌ను క్లస్టర్ బయట చిన్న మెషీన్ మీద ఉంచండి. ఎల్‌డ్యాప్ లేకపోయినా లాగిన్ అయ్యేలా ప్రతి హోస్ట్‌కీ లోకల్ రూట్ పాస్‌వర్డ్ పెట్టి, కాగితం మీద రాసి కవర్లో సీల్ చేసి బీరువాలో పెట్టండి. స్టార్ట్ ఆర్డర్ కూడా నింపండి: ముందు ఎల్‌డ్యాప్, తర్వాత డేటాబేస్, ఆ తర్వాత మూడ్ల్, చివరికి ల్యాబ్ మెషీన్లు. మధ్యలో ఒకటి రెండు నిమిషాల వ్యవధి ఇవ్వండి. సెలవుల్లో ఒకరోజు అన్నీ ఆపి, ఆ వరుసలో లేస్తున్నాయో లేదో చూడండి.