పంటు వెళ్లిపోయాక: ఇంగ్లీషులో పాస్ట్ పర్ఫెక్ట్

"నేను రేవుకు వెళ్లేసరికి పంటు వెళ్లిపోయింది." ఇక్కడ జరిగినవి రెండు. ముందు పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) కదిలింది, తర్వాత మనం చేరాం. తెలుగులో ఆ వరస "సరికి" చెప్పేస్తుంది, క్రియ మారదు. ఇంగ్లీషులో ముందు జరిగిన పనికి "హ్యాడ్" తగిలించి, క్రియను మూడో రూపంలో పెట్టాలి, దీన్నే పాస్ట్ పర్ఫెక్ట్ అంటారు: వెన్ ఐ రీచ్డ్ ద రేవు, ద పంటు హ్యాడ్ లెఫ్ట్.

హ్యాడ్ తీసేసి "ద పంటు లెఫ్ట్" అంటే, మీరు చేరాకే అది కదిలిందని అర్థం. ఒక్క మాటతో కథే మారిపోతుంది!

మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు దీనికి తలకిందులు: "ఐ హ్యాడ్ గాన్ టు అమలాపురం యెస్టర్‌డే". పోల్చడానికి రెండో పని లేదు కదా, "ఐ వెంట్" చాలు. అలాగే ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిందని చెప్పాలంటే "వాజ్ కంప్లీటెడ్ ఇన్ 1852" సరిపోతుంది. సంవత్సరం పాతదైనంత మాత్రాన హ్యాడ్ రాదు.

"హ్యాడ్ ఏట్" తప్పు, "హ్యాడ్ ఈటెన్" ఒప్పు. వెంట్ కాదు, గాన్. ఈ మూడో రూపాలు కంఠతా పట్టాల్సిందే, వేరే దారి లేదు.

బిఫోర్, ఆఫ్టర్ ఉన్నచోట వరస అవే చెబుతాయి కాబట్టి హ్యాడ్ లేకపోయినా తరచూ చెల్లుతుంది. "బై ద టైమ్" వచ్చి, రెండూ గతంలోవైతే మాత్రం వదలకండి: బై ద టైమ్ ద రెయిన్ కేమ్, వుయ్ హ్యాడ్ హార్వెస్టెడ్ ద ప్యాడీ. వాన వచ్చేసరికే కోత అయిపోయిందన్నమాట.