పొట్టి బ్యారెల్ రైఫిల్ రిజిస్టర్ చేయించే ముందు: అమెరికాలోని మనవాళ్లకు జాగ్రత్తలు

2026 జనవరి 1 నుంచి అమెరికాలో పొట్టి బ్యారెల్ రైఫిల్ మీద కట్టాల్సిన 200 డాలర్ల ఫెడరల్ పన్ను సున్నా అయింది. 1934లో నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ వచ్చిన నాటి నుంచి ఆ 200 అలాగే ఉండేది. ఇప్పుడు డాలస్, హ్యూస్టన్ వైపు షూటింగ్ రేంజ్‌కి వెళ్లే మనవాళ్లు కొందరు "పన్నే లేనప్పుడు ఇక కాగితాలెందుకు" అనుకునే ప్రమాదం ఉంది. పోయింది పన్ను ఒక్కటే, రిజిస్ట్రేషన్ ఎక్కడికీ పోలేదు. రిజిస్టర్ కానిది దగ్గర ఉంటే పదేళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. గ్రీన్ కార్డ్ మీద ఉన్నవాళ్లకు ఇంకా భయం ఉంది. తుపాకీ కేసులో దోషిగా తేలితే, దేశం నుంచి పంపించేయడానికి ఆ ఒక్క కారణం చాలు. ఇన్నేళ్లు వీసా క్యూలో నిలబడి సంపాదించుకున్న కార్డుని ఒక బ్యారెల్ ముక్క కోసం పోగొట్టుకోకూడదని ఇదంతా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు మీ స్టేటస్ చూసుకోండి. ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీగానీ తూటాగానీ దగ్గర పెట్టుకోకూడదని 1998 నుంచి ఫెడరల్ చట్టం ఉంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్దిపాటి మినహాయింపులు ఉన్నాయి, అంతే. గ్రీన్ కార్డ్ దరఖాస్తు పెండింగ్‌లో ఉంటే కార్డు చేతికొచ్చే దాకా ఆగండి. రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాసేపు కాల్చినా అది "దగ్గర ఉండటం" కిందికే వస్తుంది. యూఏఈ నుంచి ఫ్లోరిడాకి చదువుకోవడానికి వచ్చిన రెహైఫ్ అనే విద్యార్థి, కాలేజీ నుంచి తీసేశాక వీసా స్టేటస్ పోయి, రేంజ్‌లో కాల్చినందుకు కేసులో ఇరుక్కున్నాడు. అది 2019లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కాబట్టి ఇండియా నుంచి కొత్తగా వచ్చిన బామ్మర్దిని సరదాగా రేంజ్‌కి తీసుకెళ్లే ముందు అతని వీసా ఏమిటో ఆలోచించండి.

రెండోది మీరు ఉండే రాష్ట్రం. టెక్సాస్‌లో ఫెడరల్ రిజిస్ట్రేషన్ ఉంటే సరిపోతుంది. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, హవాయిల్లో మామూలు మనిషికి ఇది అసలు కుదరదు, ఫెడరల్ అనుమతి ఉన్నా లాభం లేదు. మన ఐటీ వాళ్లు ప్రాజెక్ట్ మారితే రాష్ట్రం మారతారు. ఏడాదిలో న్యూజెర్సీలోని ఎడిసన్‌కో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌కో వెళ్లే సూచన ఉంటే ఇప్పుడు ఈ పని మొదలుపెట్టకపోవడమే మేలని నా అభిప్రాయం.

ఇక కొలత. బ్యారెల్ 16 అంగుళాల కంటే తక్కువున్నా, మొత్తం పొడవు 26 అంగుళాల కంటే తక్కువున్నా ఆ రైఫిల్ ఎస్‌బీఆర్ (షార్ట్ బ్యారెల్డ్ రైఫిల్, అంటే పొట్టి బ్యారెల్ రైఫిల్) కిందికి వస్తుంది. కొలిచే పద్ధతి ఇది: తూటా లేదని రెండుసార్లు కళ్లారా చూసుకుని, బోల్ట్ (బ్యారెల్ వెనక వైపు మూసే భాగం) మూసి, ఒక సన్నటి చెక్క పుల్లని మూతి వైపు నుంచి బోల్ట్‌కి తగిలే దాకా లోపలికి దింపండి. మూతి అంచు దగ్గర పుల్ల మీద పెన్సిల్‌తో గీత పెట్టి, బయటికి తీసి కొలవండి. మూతికి మరతో బిగించిన ఫ్లాష్ హైడర్ (కాల్చినప్పుడు వచ్చే మెరుపుని తగ్గించే ముక్క) ఈ కొలతలోకి రాదు. పిన్ కొట్టి వెల్డ్ చేస్తేనే, అంటే శాశ్వతంగా అతికిస్తేనే లెక్కలోకి వస్తుంది. మొత్తం పొడవు కొలిచేటప్పుడు మడిచే స్టాక్ ఉంటే తెరిచి కొలవాలి. పిస్టల్‌గా కొన్నదానికి భుజానికి ఆనించే స్టాక్ తగిలించినా అది ఇదే లెక్కలోకి వస్తుంది, అది మర్చిపోకండి.

ఎక్కువమంది జారిపడేది పార్టులు కొనే వరసలో. దరఖాస్తు ఇంకా ఆమోదం కాలేదు, ఈలోపు సేల్ వచ్చిందని పది అంగుళాల అప్పర్ (బ్యారెల్ ఉండే పై భాగం) ఆర్డర్ పెట్టేస్తారు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క లోయర్ (ట్రిగ్గర్ ఉండే కింది భాగం) రైఫిల్‌ది. ఆ రెండూ ఒకే ఇంట్లో ఉండి, కలిపితే ఎస్‌బీఆర్ తప్ప ఇంకేమీ అవ్వదనుకోండి, బిగించకపోయినా బిగించినట్టే చూసే అవకాశం ఉంది. 1992లో థాంప్సన్ సెంటర్ ఆర్మ్స్ కేసులో సుప్రీంకోర్టు తయారీదారు పక్షాన తీర్పిచ్చింది నిజమే. కానీ అక్కడ అదే పార్టులతో చట్టబద్ధమైన పిస్టలూ, పొడవాటి రైఫిలూ తయారయ్యే వీలుంది. మీ అల్మారాలో ఆ వీలు లేదు. అందుకని ఆమోదం వచ్చే దాకా పొట్టి బ్యారెల్ గడప తొక్కకూడదు. ముందే బిగించేసి తర్వాత రిజిస్టర్ చేయిద్దామంటే చట్టం ఒప్పుకోదు. ఇప్పటికే అలా జరిగిపోయి ఉంటే ఫారం నింపకండి, ఎవరికీ మెసేజ్‌లు పెట్టకండి, వెంటనే తుపాకీ చట్టాలు తెలిసిన లాయర్‌తో మాట్లాడండి.

సొంతంగా తయారు చేసుకునేవాళ్లకి ఏటీఎఫ్ (తుపాకుల చట్టాలు చూసే ఫెడరల్ సంస్థ) ఫారం 1, తయారైనది కొనేవాళ్లకి ఫారం 4. రెండూ ఏటీఎఫ్ ఈఫారమ్స్ సైట్‌లో నింపొచ్చు. ఫొటో, వేలిముద్రలు ఇవ్వాలి. ఒక కాపీ మీ ఊరి పోలీస్ చీఫ్‌కో కౌంటీ షెరీఫ్‌కో పంపాలి. 2016 నుంచి అది సమాచారం మాత్రమే, వాళ్ల సంతకం అక్కర్లేదు. పౌరసత్వం గడిలో ఇండియా అని, ఏలియన్ నంబర్ గడిలో గ్రీన్ కార్డ్ మీది నంబర్ రాయండి. మనకి అసలు టెన్షన్ పేరుతో. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు విడదీసి ఒకలా, డ్రైవింగ్ లైసెన్స్‌లో కలిపేసి ఇంకోలా, కొందరికైతే మొదటి పేరు దగ్గర ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అనే మూడక్షరాలు. వేలిముద్రల ఫైల్లో, ఐడీలో, ఫారంలో పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండేట్టు చూసుకోండి. లైసెన్స్ సరిదిద్దించుకోవాల్సి వస్తే ఆ పని ముందు చేయండి.

అదే పేరు లోహం మీద కూడా చెక్కించాలి, ఎందుకంటే ఫారం 1 మీద తయారుచేసేది మీరే. మీ పేరు, ఊరు, రాష్ట్రం రిసీవర్ (తుపాకీ ప్రధాన చట్రం) మీదో బ్యారెల్ మీదో 0.003 అంగుళం లోతు తగ్గకుండా ఉండాలి. బ్యారెల్ రేపు మార్చే అవకాశం ఉంది గనక రిసీవర్ మీద చెక్కించడమే మంచిది. సీరియల్ నంబర్ కొత్తది వేయకండి, కంపెనీ వేసిందే ఫారంలో రాయండి. చెక్కేవాడికి ఇచ్చే కాగితం మీద పేరు పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి ఇవ్వండి. ఫోన్‌లో స్పెల్లింగ్ చెబితే "వెంకట"లో ఒక అక్షరం తగ్గినా మళ్లీ చెరిపే వీలుండదు.

వ్యక్తిగా రిజిస్టర్ చేసుకుంటే దాన్ని దగ్గర ఉంచుకునే హక్కు మీ ఒక్కరిదే. మీరు ఊరెళ్లినప్పుడు మీ ఆవిడ సేఫ్ తెరవగలిగితే అదే సమస్య, ఆమె పౌరురాలైనా సరే. ఇద్దరూ వాడాలనుకుంటే ముందే ట్రస్ట్ పేరు మీద వెళ్లాలి. ఆమెది ఇంకా హెచ్-4 అయితే ట్రస్ట్ కూడా దారి కాదు. అప్పుడు సేఫ్ కోడ్, తాళం మీ దగ్గరే ఉండాలి, ఇంట్లో ఉన్న మిగతా తుపాకులకూ ఇదే వర్తిస్తుంది. పిల్లలున్న ఇంట్లో తూటాలు వేరే తాళం కింద పెట్టడం ఎలాగూ తప్పదు.

రాష్ట్రం దాటి తీసుకెళ్లాలంటే ఏటీఎఫ్ 5320.20 ఫారం మీద ముందస్తు అనుమతి కావాలి, వీకెండ్‌కి ఓక్లహోమా వెళ్లినా అంతే. 16 అంగుళాల బ్యారెల్ బిగించుకుని పొట్టిది ఇంట్లోనే వదిలి వెళితే ఆ అనుమతి అక్కర్లేదు. ఆమోద పత్రం కాపీ ఒకటి రైఫిల్ పెట్టెలో, ఇంకోటి ఫోన్‌లో పెట్టుకోండి. ఏటీఎఫ్ అధికారి అడిగితే చూపించాల్సిన బాధ్యత మీదే. ఇండియా ప్రయాణం ఉంటే రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగ్‌ని లగేజీకి వాడకండి. అడుగున మర్చిపోయిన ఒక్క తూటా శంషాబాద్ స్కానర్‌లో కనిపించినా ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు.

మీకేదైనా జరిగితే వారసులకు పన్ను లేకుండా బదిలీ చేసే ఫారం 5 ఉంది. కానీ తీసుకునే మనిషికి తుపాకీ ఉంచుకునే అర్హత ఉండాలి. వీలునామాలో ఈ రైఫిల్ సంగతి విడిగా రాసి, ఎగ్జిక్యూటర్‌గా (వీలునామా అమలు చేసే మనిషిగా) సిటిజన్‌నో గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లనో పెట్టి, ఆమోద పత్రం ఎక్కడుందో వాళ్లకి ఇప్పుడే చెప్పండి.